నాలుగు రుతువుల నీటిదారి

స్వీడన్‌లోని మేలరెన్ సరస్సు మీద ఒకప్పుడు బతుకుతెరువు కోసం సాగిన ప్రయాణాలే ఈనాడు విహారాలయ్యాయి. వేసవిలో తెరచాపలు, చలికాలంలో స్కేట్లు, ఏడాది పొడవునా ఏదో ఒక సందడి. ఈ నీటి మీద పన్నెండు వందల ఏళ్లుగా సాగుతున్న రాకపోకల కథ ఇది.

మేలరెన్ స్వీడన్‌లో మూడో పెద్ద సరస్సు. రాజధాని స్టాక్‌హోం నడిబొడ్డున మొదలై పడమరగా సుమారు 120 కిలోమీటర్లు పరుచుకుంది. విస్తీర్ణం దాదాపు 1,100 చదరపు కిలోమీటర్లు. అంత పెద్దదైనా ఒడ్డున నిలబడిన మనిషికి ఎక్కడా మొత్తంగా కనపడదు. వేలాది దీవులు, రాతి తిప్పలు నీటిని పాయలు పాయలుగా చీలుస్తాయి. ఒకచోట ఏరంత ఇరుకుగా, మరోచోట అవతలి ఒడ్డు ఆననంత వెడల్పుగా ఉంటుంది. సగటు లోతు 13 మీటర్ల దాకా ఉంటుంది. బాగా లోతైన చోట 60 మీటర్లు దాటుతుంది. స్టాక్‌హోం, వెస్తెరోస్ ఈ నీటి ఒడ్డునే పెరిగాయి. ఉప్సాలా, ఎస్కిల్‌స్టునా దీనిలో కలిసే ఏళ్ల గట్టున వెలిశాయి. మధ్య స్వీడన్ చరిత్రలో సగం ఈ సరస్సు చుట్టూనే నడిచింది.

సముద్రం సరస్సుగా మారిన తీరు

వెయ్యేళ్ల కిందట ఇది సరస్సు కాదు, బాల్టిక్ సముద్రంలో ఒక ఖాతం. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు ఇక్కడి నేలను కిందికి అణచిపెట్టింది. ఆ మంచు కరిగిపోయాక, బరువు తగ్గిన నేల మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. ఆ లేవడం ఇంకా ఆగలేదు. స్టాక్‌హోం ప్రాంతంలో నేల ఇప్పటికీ ఏటా నాలుగైదు మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తోంది. వైకింగుల కాలంలో నీటిమట్టం ఇప్పటికంటే సుమారు 5 మీటర్లు ఎత్తున ఉండేది. అప్పట్లో సముద్రపు ఓడలు నేరుగా లోపలికి వచ్చేవి. నేల లేచేకొద్దీ సముద్రంతో కలిపే దారులు ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి. 1200 ప్రాంతానికి స్టాక్‌హోం దగ్గర మిగిలిన ఇరుకు మార్గంలో నీరు బయటికే పారసాగింది. ఉప్పునీటి ఖాతం మంచినీటి సరస్సయింది. సరిగ్గా ఆ ఇరుకులోనే స్టాక్‌హోం పట్టణం వెలిసింది. ఆ పట్టణం ప్రస్తావన 1252 నాటి పత్రాల్లో తొలిసారి కనిపిస్తుంది. సరస్సులోకి వెళ్లే ప్రతి పడవా ఆ దారినే పోవాలి. దారిని పట్టుకున్నవాడిదే వ్యాపారం, సుంకం, అధికారం.

బిర్కా రేవు, హెల్గో బుద్ధుడు

స్టాక్‌హోం కంటే ముందు ఈ నీటికి రాజధాని అనదగిన పట్టణం బిర్కా. బ్యోర్కో అనే దీవి మీద 8వ శతాబ్దం మధ్యలో వెలసి, 975 ప్రాంతం దాకా వెలిగింది. తూర్పున నదుల వెంట వెళ్లిన వర్తకులు అరబ్బు వెండి నాణేలు, పట్టుబట్టలు, పూసలు తెచ్చేవారు. ఇక్కడి నుంచి బొచ్చుతోళ్లు, ఇనుము వెళ్లేవి. 829లో ఆన్స్‌గర్ అనే క్రైస్తవ సన్యాసి ఇక్కడికి వచ్చి మతప్రచారం చేశాడు. 1871లో హ్యాల్మర్ స్టోల్పె అనే శాస్త్రవేత్త ఈ దీవికి వచ్చింది శిలాజాలున్న ఆంబర్ ముక్కల కోసం. దొరికింది మాత్రం ఒక పట్టణం ఆనవాలు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా తవ్వి ఆయన సుమారు 1,100 సమాధులను పరిశీలించాడు. పక్కనే ఉన్న అడెల్సో దీవిలోని రాజనివాసం హోవ్‌గోర్డెన్‌తో కలిపి బిర్కాను 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

బిర్కాకు ముందే దగ్గరలోని హెల్గో దీవిలో కమ్మరులు, పోతపనివారు, వర్తకులు స్థిరపడ్డారు. 1950లలో అక్కడ జరిగిన తవ్వకాల్లో ఒక కంచు బుద్ధ విగ్రహం బయటపడింది. ఎత్తు 10 సెంటీమీటర్లు కూడా లేదు. 6వ శతాబ్దం ప్రాంతంలో కశ్మీర్, స్వాత్ లోయ పరిసరాల్లో తయారైందని పండితుల అంచనా. దానితో పాటు ఐర్లండ్ నుంచి వచ్చిన మతగురువు దండం పైభాగం, ఈజిప్టు నుంచి వచ్చిన గరిటె కూడా దొరికాయి. కశ్మీర్, స్వాత్ వైపు పోతపోసిన బుద్ధుడు చేతులు మారుతూ ఇంత దూరపు దీవికి చేరాడంటే, ఆనాటి నీటిదారులు ఎంత దూరం అల్లుకున్నాయో తెలుస్తుంది.

ఆ దారుల్లో నడిచిన పడవలు తేలికైనవి. పలక అంచు మీద మరో పలక అంచు ఎక్కేలా పేర్చి, ఇనుప మేకులతో బిగించి కట్టేవారు. తెడ్డూ తెరచాపా రెండూ ఉండేవి. దారికి నేల అడ్డొస్తే పడవను దుంగల మీద దొర్లించి అవతలి నీటిలోకి దించేవారు. ఈ పలకల కట్టుబడి ఇరవయ్యో శతాబ్దపు విహార పడవల దాకా నిలిచింది.

చలికాలంలోనూ రాకపోకలు ఆగలేదు. బిర్కాలో ఎముకలతో చేసిన స్కేట్లు, మంచు మీద జారకుండా కాళ్లకు కట్టుకునే ఇనుప ముళ్లు చాలా దొరికాయి. పశువుల కాలి ఎముక అడుగును చదును చేసి పాదానికి కట్టుకునేవారు. చేతిలో మొన ఉన్న కర్రతో నెట్టుకుంటూ ముందుకు జారేవారు. ఉప్సాలాలో ఫిబ్రవరిలో పెద్ద సంత జరిగేది. నీళ్లు గట్టిపడి దారులు దగ్గరయ్యే కాలం కాబట్టి, స్లెడ్జి బళ్ల మీద సరుకు తెచ్చుకోవడానికి అదే అనువైన అదను.

ఇనుము కోసం కాలువలు, లాకులు

మధ్యయుగం నుంచి మేలరెన్ మీద సాగిన అసలు బేరం ఇనుముది. సరస్సుకు ఉత్తరాన, పడమరన ఉన్న బెర్గ్స్‌లాగెన్ గనుల నుంచి వచ్చిన ఇనుమును వెస్తెరోస్, అర్బోగా, శోపింగ్ రేవుల్లో పడవలకెత్తి స్టాక్‌హోంకు తరలించేవారు. అక్కడ తూచి, ఓడల్లో యూరప్‌కు పంపేవారు. తిరుగు ప్రయాణంలో ఉప్పు, ధాన్యం, బట్టలు వచ్చేవి.

నేల లేస్తూ ఉండడంతో స్టాక్‌హోం దగ్గర సరస్సుకూ సముద్రానికీ మట్టంలో తేడా పెరిగింది. ఉధృతంగా పారే నీటికి ఎదురుగా పడవ నడపడం కష్టమైంది. దాంతో రాణి క్రిస్టీనా కాలంలో, 1642లో, అక్కడ కలపతో తొలి లాకు కట్టారు. తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని నింపి లేదా వదిలి, ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే ఏర్పాటు అది. 18వ శతాబ్దంలో ప్రసిద్ధ ఇంజినీరు క్రిస్టోఫర్ పోల్హెమ్ రూపకల్పనతో రెండో లాకు వచ్చింది. 1850లో నిల్స్ ఎరిక్సన్ మూడోది కట్టాడు. ఓడ వెనుక తిరిగే ప్రొపెల్లరును పనికొచ్చే స్థితికి తెచ్చిన జాన్ ఎరిక్సన్‌కు ఈయన అన్న. 1935లో నాలుగో లాకు వచ్చింది. ఒకే ఇరుకు దారిలో మూడు శతాబ్దాల ఇంజినీరింగ్ పొరలు పొరలుగా పేరుకుంది.

మిగతా దిక్కులకూ కాలువలు తవ్వారు. పక్కనున్న యెల్మారెన్ సరస్సుతో కలిపే కాలువ 1639 నాటికే నడిచింది. స్వీడన్‌లో మనుషులు తవ్విన కాలువల్లో అదే పాతది. గనుల ప్రాంతానికి ఎగబాకే స్ట్రోమ్స్‌హోం కాలువ 1795లో పూర్తయింది. వందకు పైగా కిలోమీటర్ల ఈ దారిలో 26 లాకులున్నాయి. దక్షిణాన సోదెర్‌టెల్యె కాలువ 1819లో తెరుచుకుంది. 1924లో దాన్ని వెడల్పు చేశారు. అక్కడి లాకు స్కాండినేవియాలోనే పెద్దది. సరుకు ఓడలు నేటికీ దాని గుండానే వెస్తెరోస్, శోపింగ్ రేవులకు వెళ్తాయి. యెల్మారెన్, స్ట్రోమ్స్‌హోం కాలువల్లో మాత్రం ఇప్పుడు ఇనుము పడవలు లేవు. ఇనుము కోసం కట్టిన లాకుల తలుపులు వేసవి విహారులకు తెరుచుకుంటున్నాయి.

తెడ్డు పట్టిన స్త్రీలు, పొగగొట్టపు పడవలు

స్టాక్‌హోంలో జనాన్ని రేవు నుంచి రేవుకు చేరవేసే పని చాలాకాలం స్త్రీలది. పడవ నడిపే ఈ మహిళలు సంఘంగా ఏర్పడి, నగర పాలకుల నుంచి అనుమతి పొంది, నిర్ణీత కిరాయికి తెడ్లు వేసేవారు. నగరంలోనే కాక సరస్సు దీవులకూ వాళ్లు మనుషుల్ని తీసుకెళ్లేవారు. పని మనుషులతో పాటు షికారు కోసం బయల్దేరే వాళ్లూ ఆ పడవలు ఎక్కేవారు. కవి, గాయకుడు కార్ల్ మిఖేల్ బెల్మన్ 1790లో ప్రచురించిన ‘ఫ్రెడ్‌మన్ లేఖలు’ గీతాల్లో 48వది మేలరెన్ మీది పడవ ప్రయాణమే. 1769 నాటి ఒక వేసవి ఉదయాన తెరచాప పడవలో స్టాక్‌హోంకు తిరిగి రావడాన్ని ఆ పాట వర్ణిస్తుంది. సరస్సు మీద తిరగడమే ఆనందం అన్న భావన అప్పటికే జనంలో నాటుకుంది.

1804లో ఆవిరి యంత్రాలు బిగించడానికి స్వీడన్ వచ్చిన ఇంగ్లండ్ ఇంజినీరు శామ్యూల్ ఓవెన్ ఆ తర్వాత ఇక్కడే స్థిరపడి, కుంగ్స్‌హోల్మెన్ దీవిలో కర్మాగారం పెట్టాడు. 1816లో ఒక పడవకు ఆవిరి యంత్రం అమర్చి ప్రయోగం చేశాడు. 1818లో ‘యాంఫిట్రైట్’ అనే చక్రాల ఆవిరి పడవను మేలరెన్‌లో దించాడు. గాలి వాటం చూసుకోకుండా, చెప్పిన వేళకు చేరే ప్రయాణం అప్పుడే సాధ్యమైంది. కొన్ని దశాబ్దాల్లో ఒడ్డునున్న ప్రతి పట్టణానికీ, చాలా పల్లెలకూ ఆవిరి పడవలు తిరగసాగాయి. పొద్దున పాలు, కూరగాయలు, కోళ్లు నగరానికి వెళ్లేవి. సాయంత్రం జనం, ఉత్తరాలు, సామాన్లు వచ్చేవి.

పడవలు నమ్మకంగా నడవడంతో ఒడ్డున కొత్త రకం ఇళ్లు లేచాయి. స్టాక్‌హోం సంపన్నులు రేవుల పక్కన చెక్కపనితనం ఉట్టిపడే వరండాల వేసవి భవంతులు కట్టుకున్నారు. జూన్ వస్తే కుటుంబమంతా అక్కడికి మారేది. ఇంటాయన పొద్దున్నే ఆవిరి పడవలో నగరానికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు.

1860లో స్టాక్‌హోం నుంచి సోదెర్‌టెల్యెకు, 1876లో వెస్తెరోస్‌కు రైలు వచ్చింది. తర్వాత బస్సులు, లారీలు మిగిలిన పనినీ లాక్కున్నాయి. చాలా ఆవిరి పడవలు తుక్కుకు పోయాయి. కొన్ని మాత్రం అభిమానుల పట్టుదలతో బతికాయి. 1903లో తయారైన ‘మరియెఫ్రెడ్’ నాటి నుంచి నేటి వరకూ స్టాక్‌హోం, మరియెఫ్రెడ్ పట్టణాల మధ్యే తిరుగుతోంది. బొగ్గుతో మండే పాత యంత్రమే దాన్ని నడుపుతోంది. ప్రయాణం మూడున్నర గంటలు. దిగిన చోట 16వ శతాబ్దపు గ్రిప్స్‌హోం కోట, దగ్గరలోనే ఆవిరి ఇంజిన్ లాగే చిన్న రైలు ఉంటాయి. 1880 నాటి ‘ఎయ్‌డెర్న్’ ఇంకా పాతది. అది తొలి యంత్రంతోనే వేసవిలో సోదెర్‌టెల్యె నుంచి బిర్కాకు యాత్రికుల్ని తీసుకెళ్తుంది.

జీతగాడి చేతికొచ్చిన తెరచాప

1830లో స్టాక్‌హోంలో తెరచాప పడవల సంఘం ఏర్పడింది. తర్వాత రాజ గౌరవం పొందిన ఆ సంఘం ప్రపంచంలోని పాత యాట్ క్లబ్బుల్లో ఒకటి. మొదట్లో ఇది ధనవంతుల సరదా. ఇరవయ్యో శతాబ్దంలో లెక్క మారింది. సాధారణ సంపాదనపరులు కొనగలిగే, సరస్సు గాలికి సరిపోయే పడవలు కావాలన్న ఆలోచన బలపడింది. అలా 1920ల చివర్లో ‘మేలర్ 22’ తరగతి పడవ పుట్టింది. 22 చదరపు మీటర్ల తెరచాప ఉన్నందుకు ఆ అంకె. దాన్ని రూపొందించిన గుస్తాఫ్ ఎస్ట్‌లాండర్ 1898లో స్కేటింగ్‌లో యూరప్ విజేత, 1912 ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలో రజత పతకం గెలిచినవాడు. మేలరెన్ వేసవి ఆటా, చలికాలపు ఆటా రెండూ తెలిసిన మనిషి.

1938లో స్వీడన్ పార్లమెంటు కార్మికులకు ఏటా రెండు వారాల జీతంతో కూడిన సెలవు హక్కు కల్పిస్తూ చట్టం చేసింది. సెలవు దొరికిన జనానికి తక్కువ ధరలో పడవ కావాల్సి వచ్చింది. స్కాండినేవియా దేశాల పోటీకి వచ్చిన నమూనాల్లో మంచి అంశాలను కలిపి టోర్డ్ సుండెన్ గీసిన ‘ఫోక్‌బోట్’ 1942లో నీటిలో దిగింది. పొడవు 7.68 మీటర్లు. కుటుంబం పడుకోవడానికి చిన్న గది, బలమైన పొట్ట, తేలిగ్గా నడిచే తీరు. దీని కట్టుబడి కూడా వైకింగుల నాటిలా పలక మీద పలక ఎక్కేదే. 1960ల నుంచి ఫైబర్ పడవలు రావడంతో ధర మరింత దిగింది. తలసరి పడవలు ఎక్కువున్న దేశాల్లో ఇప్పుడు స్వీడన్ ఒకటి.

ఈ పడవలకు ఆధారం ఒడ్డు పొడవునా ఉన్న క్లబ్బులు. ఇవి విలాస కేంద్రాలు కావు, చేతిపని సంఘాలు. రేవు బల్లలు బాగుచేయడం, రాత్రి కాపలా, క్రేను రోజున తాళ్లు పట్టడం సభ్యుల వంతు. సెప్టెంబరు, అక్టోబరులో పడవలన్నీ నీటి నుంచి తీసి ఒడ్డున దిమ్మెల మీద నిలిపి టార్పాలిన్ కప్పుతారు. ఏప్రిల్ రాగానే గీకడం, రంగు, వార్నిష్ పనులు మొదలవుతాయి. మే నాటికి మళ్లీ నీళ్లలోకి దించుతారు.

ఎవరైనా ఆగగల ఒడ్డు

పడవ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆగడానికి ఒడ్డు కావాలి. స్వీడన్‌లో ప్రకృతిలో తిరిగే హక్కు ప్రతి ఒక్కరిదీ. అనాదిగా ఆచారంగా ఉన్న ఈ హక్కుకు 1994లో రాజ్యాంగంలో చోటు దక్కింది. నేల ఎవరిదైనా నడవవచ్చు, ఈదవచ్చు, పడవ కాసేపు కట్టవచ్చు, ఒకటి రెండు రాత్రులు గుడారం వేయవచ్చు, అడవి పళ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. అయితే ఇళ్ల పరిసరాల్లోకి పోకూడదు, పంటను తొక్కకూడదు, చెత్త వదలకూడదు. నిషేధం ఉన్న రోజుల్లో నిప్పు రాజేయకూడదు. మిగతా రోజుల్లోనూ రాతి బండల మీద మంట పెడితే అవి చిట్లిపోతాయి కాబట్టి వద్దంటారు. పక్షులు గూడుకట్టే కొన్ని దీవుల మీద వసంతంలో, వేసవి తొలినాళ్లలో దిగడం నిషిద్ధం.

ఒడ్డును ఇళ్లు ఆక్రమించకుండా మరో నిబంధన ఉంది. 1975 నుంచి దేశమంతటా నీటి అంచు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు సాధారణంగా అనుమతి లేదు. చేపల వేటలోనూ మేలరెన్‌కు ప్రత్యేకత ఉంది. దేశంలోని ఐదు పెద్ద సరస్సుల్లో చేతి గాలంతో ఎవరైనా ఉచితంగా చేపలు పట్టుకోవచ్చు. ఆ ఐదింట్లో ఇదొకటి. ఈ హక్కులు ఉండబట్టే పడవ లేనివాడికీ సరస్సు అందుబాటులో ఉంది.

వేసవి: తరగని పగళ్లు

జూన్ చివర్లో స్టాక్‌హోంలో పగలు 18 గంటలు దాటుతుంది. రాత్రి కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు. పని ముగిశాక కూడా పడవ ఎక్కి దీవి దాకా పోయి రాగలిగినంత వెలుతురు మిగులుతుంది. మధ్యవేసవి పండుగ నుంచి ఆగస్టు మధ్య దాకా సరస్సు మీద రద్దీ ఎక్కువ.

మేలరెన్‌లో రాత్రి ఆగే తీరు ఒకటుంది. లోతైన నీరు బండ దాకా వచ్చే చోటు చూసుకుని, వెనుక లంగరు వదిలి, ముక్కును బండకు ఆనించి తాడుతో చెట్టుకు కడతారు. ముక్కు మీది నుంచి నేరుగా బండ మీదికి అడుగు వేయవచ్చు. పట్టణాల్లో అతిథి పడవల రేవులున్నాయి. సిగ్తునా, మరియెఫ్రెడ్, స్ట్రెంగ్నేస్ లాంటి పాత పట్టణాలు పడవలో తిరిగేవారికి విడిది చోట్లు. కయాక్ వేసుకుని రెల్లు పొదల మధ్య ఇరుకు పాయల్లో తిరిగేవారూ ఎక్కువే. సొంత పడవ లేనివారికి స్టాక్‌హోం నగర సౌధం రేవు నుంచి బిర్కాకు, డ్రోట్నింగ్‌హోం రాజప్రాసాదానికి పడవలు వెళ్తాయి. రాజ కుటుంబం 1981 నుంచి నివసిస్తున్న ఆ ప్రాసాదం 1991లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

నీటిదారి రోజువారీ పనికీ మళ్లీ ఉపయోగపడుతోంది. ఎకెరో దీవి నుంచి స్టాక్‌హోం నడిబొడ్డుకు 2016లో నగర రవాణా సంస్థ 89వ నంబరు పడవ మొదలుపెట్టింది. బస్సు టికెట్టే దానిలోనూ చెల్లుతుంది. అడెల్సో లాంటి దీవులకు రోడ్డులో భాగంగా పసుపు రంగు ఫెర్రీలు ఉచితంగా తిరుగుతాయి.

ఆగస్టు దాటాక నీరు మెల్లగా చల్లబడుతుంది. విహారం ఒడ్డుకు మారుతుంది. పుట్టగొడుగులు ఏరడం, దీవుల తోటల్లో ఆపిల్ కోతలు, గాలం వేయడం ఈ కాలపు పనులు. మేలరెన్‌లో ప్రసిద్ధి పొందిన చేప జాండర్. పెర్చ్, పైక్ కూడా బాగా దొరుకుతాయి.

చలికాలం: గట్టిపడిన నీటి మీద

మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. పైనున్న నీరు ఆ మేరకు చల్లబడగానే కిందికి దిగుతుంది. మొత్తం నీరు 4 డిగ్రీలకు చేరాకే పైపొర ఇంకా చల్లబడి గడ్డకడుతుంది. అందుకే లోతు తక్కువైన పాయలు డిసెంబరులో గట్టిపడితే, లోతైన విశాల భాగాలు జనవరి, ఫిబ్రవరి దాకా ఆగుతాయి. స్కేటర్లు వెతికేది మంచు కురవకముందు, గాలి లేని చలిరాత్రుల్లో ఏర్పడే నల్లని పారదర్శక గడ్డను. అది గట్టిగా, అద్దంలా నున్నగా ఉంటుంది. మంచు నానిపోయి తెల్లగా గడ్డకట్టిన పొరకు అంత బలం ఉండదు.

ఈ దూరప్రయాణపు స్కేట్ల బ్లేడు పొడవుగా ఉంటుంది, మడమ బూటుతో పాటు లేస్తుంది. నడక బూట్లకే బిగించుకుని రోజంతా పదుల కిలోమీటర్లు పోవచ్చు. స్టాక్‌హోంలో 1901లో ఏర్పడిన స్కేటు తెరచాపల క్లబ్బు ఇప్పుడు పదివేల మందికి పైగా సభ్యులున్న స్కేటింగ్ సంఘం. మొదట్లో వాళ్లు చేతిలో తెరచాప పట్టుకుని, గాలి తోసుకుపోతుంటే స్కేట్ల మీద జారేవారు. అనుభవజ్ఞుల వెంట బృందాలుగా వెళ్లడం, రోజూ గడ్డ పరిస్థితిని పరస్పరం తెలుపుకోవడం ఈ సంఘం అలవాటు చేసింది.

గడ్డ మీద అడుగుపెట్టేవారికి కొన్ని నియమాలున్నాయి. నడవడానికి కనీసం 10 సెంటీమీటర్ల గట్టి పొర ఉండాలని సూచిస్తారు. ఒంటరిగా వెళ్లరు. మెడలో రెండు ఇనుప మొనల పిడులు వేలాడతాయి. నీటిలో పడితే వాటిని గడ్డలోకి గుచ్చి పైకి పాకుతారు. చేతిలో గడ్డను పొడిచి చూసే కర్ర, వీపు సంచిలో విసిరే తాడు, నీరు చొరబడని కవరులో పొడి బట్టలు ఉంటాయి. ఆ సంచే నీటిలో తేలే ఆధారం కూడా. గడ్డ చేసే శబ్దాన్నీ వింటారు. పొర పలచబడేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. అది వినగానే వెనక్కి తిరుగుతారు. ఏటి ముఖాలు, వంతెనల కింద, రెల్లు పక్కన, ఐస్‌బ్రేకర్లు తెరిచి ఉంచే సరుకు ఓడల దారి దగ్గర ముప్పు ఎక్కువ.

1999లో మొదలైన ‘వైకింగ్ రెన్’ అనే స్కేటింగ్ పోటీకి పూర్తి దారి ఉప్సాలా నుంచి స్టాక్‌హోం దాకా సుమారు 80 కిలోమీటర్లు. వెయ్యేళ్ల కిందట ఎముక స్కేట్ల మీద జనం తిరిగిన దారులే ఇవి. గడ్డ మీద బ్లేడ్లు బిగించిన చిన్న ఐస్ యాట్లు గాలి పట్టితే గంటకు 100 కిలోమీటర్లు దాటిపోతాయి. ఇంకోవైపు డ్రిల్లుతో రంధ్రం చేసి, పీట వేసుకుని కూర్చుని పొట్టి గాలంతో పెర్చ్ పట్టేవారు. స్కీలు వేసుకున్నవారు, వెనుక నిలబడి కాలితో నెట్టే స్లెడ్జి మీద పిల్లల్ని తిప్పేవారు. ఒడ్డున ఆవిరి గదిలో చెమట పట్టించుకుని, గడ్డ మధ్య చేసిన మడుగులో మునిగి లేచేవారూ ఉంటారు.

మార్చి ఎండకు గడ్డ లోపల నిలువుగా చీలి, మందం ఉన్నా బలం కోల్పోతుంది. ఏప్రిల్‌లో విరిగి కొట్టుకుపోతుంది. ఆఫ్రికాలో చలికాలం గడిపిన ఆస్ప్రే డేగలు అప్పుడే తిరిగొచ్చి దీవుల చెట్ల కొనలమీద గూళ్లు సర్దుకుంటాయి. క్లబ్బు ఆవరణల్లో టార్పాలిన్లు తొలగుతాయి.

తాగునీరే విహార స్థలం

సుమారు 20 లక్షల మందికి తాగునీరు మేలరెన్ నుంచే వస్తుంది. స్టాక్‌హోం కోసం నోర్స్‌బోర్గ్ నీటిశుద్ధి కేంద్రం 1904లో, లోవో కేంద్రం 1933లో మొదలయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి పట్టణాల మురుగు, పొలాల ఎరువులతో నీరు బాగా పాడైంది. 1970లలో మురుగు శుద్ధి కేంద్రాల్లో భాస్వరాన్ని తీసివేయడం మొదలయ్యాక పరిస్థితి మారింది. నేడు నగర సౌధం ఎదుట ఉన్న నీటిలోనే జనం ఈదుతారు, గాలం వేస్తారు. విహారులపైనా కట్టుబాట్లున్నాయి. పడవ అడుగున విషపు రంగులు ఈ సరస్సులో నిషిద్ధం కాబట్టి నాచును బ్రష్షులతో కడుక్కోవాలి. 2015 నుంచి పడవల మరుగుదొడ్డి వ్యర్థాలను నీటిలో వదలకూడదు. 2010 నుంచి పెద్ద, వేగవంతమైన పడవలు నడిపేవారికి మద్యం పరిమితి చట్టంలో ఉంది.

ముందున్న సవాలు వాతావరణానిది. చలికాలాలు వెచ్చబడుతున్నాయి, గడ్డకట్టే రోజులు తగ్గుతున్నాయి, ఎప్పుడు కడుతుందో చెప్పలేకపోతున్నారు. గడ్డ సరిగా లేక వైకింగ్ రెన్‌ను చాలా ఏళ్లు రద్దు చేయాల్సి వచ్చింది, కొన్నేళ్లు దారి కుదించాల్సి వచ్చింది. మరోవైపు సరస్సు మట్టం బాల్టిక్ కంటే ఒక మీటరు కూడా ఎత్తులో లేదు. సముద్రం లేస్తే ఉప్పునీరు లోపలికి వచ్చే ప్రమాదం ఉంది. భారీ వర్షాలొస్తే సరస్సు పొంగే ప్రమాదమూ ఉంది. స్టాక్‌హోంలో 1642 నాటి లాకు ఉన్న స్లూసెన్ ప్రాంతంలోనే 2016 నుంచి సాగుతున్న పునర్నిర్మాణంలో కొత్త లాకుతో పాటు వరదను మరింత వేగంగా సముద్రంలోకి వదలగల తూములు కట్టారు. ఒకప్పుడు వ్యాపారాన్ని అదుపు చేసిన ఆ ఇరుకు దారికి ఇప్పుడు తాగునీటినీ, ఒడ్డునూ, నాలుగు రుతువుల విహారాన్నీ కాపాడే పని అప్పగించారు.